పాడెకు కట్టిన గాలం

మా నాయనను మట్టి చేసి వచ్చిన రోజు సాయంత్రం, ఇల్లు కడిగి, అందరం తలకు పోసుకున్న తర్వాత నేను నడవలో గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఎదురుగా గోడకు మేకు, మేకుకు ఖాకీ గుడ్డ సంచి. అందులో మా నాయన గాలం కట్టె మూడు ముక్కలుగా ఉంటుంది. ఎప్పుడూ నిండుగా, బిగుతుగా ఉండే ఆ సంచి చప్పబడి ఉంది. లేచి తడిమి చూశాను. పిడి ఉన్న ముక్క ఒక్కటే తగిలింది. మిగతా రెండూ లేవు.

ఇల్లంతా వెతికాను. మంచాల కింద, బీరువా వెనక, మిద్దె మెట్ల కింద. చావు ఇంట్లో ఈ వెతుకులాట ఏమిటని చుట్టాలు గొణుక్కున్నారు. గొణుక్కుంటే గొణుక్కోనీ. ఆఖరికి మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, వాకిట్లో నులక మంచం మీది నుంచే చెప్పాడు.

"అది నేనే ఎత్తుకున్నా పాపా. పల్లకికి కట్టేస్తిమి."

మా వైపు పాడెను ఉత్తగా తీసుకుపోరు. వెదురు బద్దలు వంచి, పైన గొడుగులా కట్టి, చామంతులూ బంతులూ చుట్టి పల్లకి చేస్తారు. ముసలివాళ్లు పోతే మరీ ఆర్భాటం. ఆ రోజు తలవైపు వంపు కట్టే బద్ద విరిగిందట. పలక డప్పులు మోగుతున్నాయి, ఎండ ఎక్కుతోంది, ఇంకో బద్దకు ఎవరు పోవాలి? చిన్నాయన కన్ను సంచి మీద పడింది. సన్నటి ముక్కలు రెండు తీశాడు. ఒకదాని కొన ఇంకోదాని ఇత్తడి గొట్టంలో దూరింది. మనిషి ఎత్తు బద్ద అయింది. విల్లులాగా వంచి కట్టేశాడు. వంగింది కూడానట. వంగక ఏమవుతుంది? వంగడానికే కదా అది పుట్టింది!

"అన్నదే గదా, అన్నతోనే పోనీ అనుకున్నా," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్లో ఎవరినైనా అడగండి, చెబుతారు.  ఆ సాయంత్రం మాత్రం లోపలికి పోయి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఆ గాలం సంగతి చెప్పాలి. మా నాయన పలమనేరు దిక్కు ఒక మిషను ఆసుపత్రిలో కారు డ్రైవరు. అక్కడ ఒక దొర డాక్టరు ఉండేవాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే మా నాయనను వెంటబెట్టుకుని చెరువుల మీద పడేవాడు. వానపాము ఎర లేదు, పిండి ముద్ద లేదు. చిన్న కొక్కేనికి ఈకలు చుట్టి, పురుగులా చేసి, దాన్ని దారంతో గాల్లో ముందుకూ వెనక్కూ ఊపి నీళ్ల మీద వాల్చడం. చేప అది ఈగ అనుకుని ఎగిరి పట్టాలి. దొర తన దేశం పోతూ ఆ కట్టెను మా నాయన చేతిలో పెట్టి పోయాడు. సన్నటి వెదురు బద్దలు ఆరు, ఒకదానికొకటి అతికించి చేసిన కట్టె అది. అతుకు కనబడదు. అక్కడక్కడ పట్టుదారం చుట్టలు, దారం పోవడానికి కమ్మీ రింగులు, ముక్కలు కలిసే చోట ఇత్తడి గొట్టాలు, అడుగున సీసా బిరడా లాంటి మెత్తటి బెండు పిడి.

మేము చిత్తూరుకు వచ్చేసిన తర్వాత కూడా నాయన దాన్ని వదల్లేదు. కోడి కోసిన రోజు మెడ ఈకలు ఏరుకునేవాడు. నా కుట్టుపెట్టెలో దారాలు దొంగిలించేవాడు. తిండి బల్ల మీద ఈకలు పరుచుకుని కూర్చుంటే అమ్మ చీపురు పట్టుకుని వచ్చేది.

"కట్టె దొరది, కట్టుకున్నోడూ దొరే. చేప మాత్రం సంతలో కొనుక్కోవాల!"

నిజమే. పది ఆదివారాలు పోతే ఒకసారి జిలేబీ చేప తెచ్చేవాడు. అది కూడా అరచేయంత. చెరువు గట్టు మీద గొర్రెలు కాచేవాళ్లు "అబ్బా, ఈకకు యాడన్నా చేప పడతాదా?" అని పగలబడి నవ్వేవాళ్లు. వాళ్లతో కలిసి ఆయనా నవ్వేవాడు.

చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాడు. కట్టె కలిపే ముందు ఆయన చేసే పని ఒకటి నాకు భలే నవ్వు తెప్పించేది. ఇత్తడి కొనను ముక్కు పక్కన, చెంప మడతలో, అటూ ఇటూ రుద్దుకునేవాడు. "చెమట జిడ్డు చాలు పాపా. ఇది లేకుంటే గొట్టం పట్టేస్తాది, ఏనుగులతో లాగినా రాదు," అనేవాడు. ఇంట్లో ఎప్పుడైనా ఆ పని చేస్తే అమ్మ "చీ, మొగం తుడుచుకునే కట్టె" అని మూతి తిప్పుకునేది.

మూడో రోజు పాలు పోయడానికి ఆడవాళ్లం కూడా పోతాం. అప్పుడే నేను మొదటిసారి నాయన సమాధి చూశాను. పచ్చి మట్టి, పైన వాడిపోయిన పూలు. కొంచెం అవతల పల్లకి విరిచి పడేసి ఉంది. పాలు పోసేదాకా ఓపిక పట్టాను. పోయగానే ఆ కుప్ప దగ్గరికి పోయి బంతిపూల దండలు తెంచి వెతికాను. దొరికాయి. నడిమి ముక్క మంచుకు తడిసి కొంచెం వంకర తిరిగింది. కొన ముక్క మాత్రం నడుమ విరిగి, బద్దలు విచ్చుకుని, నార వెళ్లి వేలాడుతోంది. పాడె తాడు ఇంకా దానికే ఉంది.

"అయ్యయ్యో, అది ముట్టుకోవద్దు మే!" అని మా మేనత్త అరిచింది. "పాడెకు కట్టింది మళ్లా ఇంటికొస్తాదా యాడన్నా? పారెయ్, పారెయ్!"

నేను పారేయలేదు. చీర కొంగులో చుట్టుకుని ఆటోలో అందరికీ దూరంగా కూర్చున్నాను. వాళ్లే దూరంగా జరిగారు అనడం ఇంకా నిజం.

ఇంటి ముందు అమ్మ కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. కొంగులో ఏముందో చెప్పకుండానే కనిపెట్టింది.

"అది బయట పెట్టు."

"అమ్మా, నాయనది."

"నాయనదే. నాయనతో పోయింది. వాకిలి దాటనీను."

"విరిగిపోయింది అమ్మా, బాగు చేసి మళ్లీ ఆ మేకుకే తగిలిస్తా. ఆయన దాన్ని ఎట్ల చూసుకున్నాడో నీకు తెలీదా?"

"నాకు చెప్పొద్దు," అంది. నీళ్లు నా కాళ్ల మీద కాకుండా నేల మీద కుమ్మరించి లోపలికి పోయింది.

అమ్మతో నేను గెలిచిన గొడవలు తక్కువ. అదీగాక ఆమె మెడ ఇంకా పసుపు పచ్చగానే ఉంది, పెద్దదినం నాడు, అంటే పెద్దకర్మకు, తీసేవన్నీ ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. ఆ మెడ చూస్తూ ఏం వాదించేది? ముక్కలు తీసుకుని తిన్నగా నా అంగడికి పోయాను. నాది టైలరింగు అంగడి. జాకెట్లూ, లంగాలూ, పెళ్లి పనులూ. అంగడి ఇల్లు కాదు కదా, దానికి మైల ఏమిటి? కుట్టిన జాకెట్లు తగిలించే కడ్డీ వెనక మూలకు నిలబెట్టాను.

నా పట్టుదల ఒక్కటే. ఆ గాలం మళ్లీ నిండుగా, మూడు ముక్కలూ కలిసి నాయన మేకుకు వేలాడాలి. పొద్దున లేస్తూనే ఆ చప్పబడ్డ సంచిని చూడడం నా వల్ల కాలేదు. మనిషిని ఎట్లాగూ తేలేను. కట్టెనైనా తేలేనా?

చాలా రోజులు ముట్టుకోలేదు. నీడలో ఆరనిచ్చాను. ఆరిన కొద్దీ విరిగిన చోట బద్దలు ఇంకా విచ్చుకున్నాయి. ఆరు బద్దలు ఆరు దిక్కులు చూశాయి. పాత బంక పొడిపొడిగా రాలింది. దాన్ని బ్లేడుతో గీకి, పక్క వీధి వడ్రంగి దగ్గర రెండు ట్యూబుల్లో వచ్చే, కలిపి పూసే బంక తెచ్చి, ఒక్కో బద్దకూ పూసి, జతచేసి, గట్టి నూలుతో పై నుంచి కింది దాకా చుట్టి పెట్టాను. మరునాడు నూలు విప్పితే అతుక్కుంది. అయితే కొడవలిలా! నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. మా నాయన కొడవలితో చేపలు పడతాడా?

వేడి చేస్తే వెదురు మాట వింటుందని నాయన చెప్పేవాడు. నా దగ్గర ఇస్త్రీ పెట్టె ఉంది. తడిగుడ్డ వేసి, పైన పెట్టె ఆనించి, మెత్తబడగానే మోకాలి మీద పెట్టి కొంచెం కొంచెంగా వంచి పట్టుకోవడం. చల్లారేదాకా కదలకూడదు. ఆ సమయంలోనే ఎవరో ఒకరు జాకెట్టు కోసం వస్తారు. "అక్కా, నా గుడ్డ అయిందా?" అని ఒకామె, "ఏందిమే ఆ పుల్ల?" అని ఇంకొకామె. "చేపలు పట్టేది, నువ్వూ వస్తావా?" అని కసురుకునేదాన్ని. ఒకచోట తొందరపడి గుడ్డ ఆరిపోయాక కూడా పెట్టె ఉంచాను. నల్లగా మాడింది. ఆ మచ్చ పోలేదు. ఇప్పటికీ చెయ్యి వేస్తే అక్కడ గరుకు తగులుతుంది. నడిమి ముక్క వంకర కూడా అట్లాగే సరి చేశాను.

తర్వాత పట్టుదారం. పాత చుట్టల రంగు ఎండిన మందారం రంగు. నా పెట్టెలో ఉన్న ఏ రీలూ దానికి సరిపోలేదు. నగరికి బస్సెక్కి మగ్గాల వాళ్ల దగ్గర సన్న పట్టు నూలు వెతికాను. ఒకామె నా చేతిలో ముక్కను చూసి "చీరకా?" అంది. "మా నాయనకు," అన్నాను. ఆమె నూలు చుట్టల గంప నా ముందుకు జరిపింది. సరిగ్గా అదే రంగు దొరికింది, మురిసిపోయి తెచ్చుకున్నాను. చుట్టి, వార్నిషు పూయగానే దారం నల్లబడి కాకిరంగు అయిపోయింది. అప్పుడు తెలిసింది, పట్టుకు వార్నిషు తగిలితే రంగు ముదురుతుందని. అంటే దొర కట్టె మీద దారం మొదట మంచి ఎరుపు అయి ఉండాలి. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది ఆ ఎరుపు తడిసిన రంగు. అంతా విప్పి, ఎర్ర దారంతో మళ్లీ మొదలుపెట్టాను.

దారం చుట్టేటప్పుడు ఒక చెయ్యి కట్టెను తిప్పాలి, ఒక చెయ్యి దారాన్ని బిగువుగా పట్టాలి, ఇంకో చెయ్యి అవతలి కొన పట్టుకోవాలి. మూడో చెయ్యి లేక తిట్టుకుంటున్న రోజున చిన్నాయన వచ్చాడు. నాయన పోయిన తర్వాత మా గడప తొక్కింది పెద్దదినం నాడు మాత్రమే. ఆ రోజు కూడా నా మొహం చూడలేదు. ఇప్పుడు అంగడి మెట్టు కింద చెనక్కాయల సంచితో నిలబడ్డాడు. నా చేతిలో ముక్కను చూసి సంచి కింద పెట్టాడు.

"నా మీద ఇంకా కోపంగా ఉండాదా పాపా?"

"ఉండాది. ఈడ కూర్చో. ఆ కొన పట్టుకో, జారనియ్యొద్దు."

కూర్చున్నాడు. రెండు చేతులతో, పసిబిడ్డ కాలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను చుట్టాను.  ఆయన కళ్లలో నీళ్లు కారి మీసంలోకి పోతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు, నేను జారనియ్యొద్దన్నానని. అక్కడితో నా కోపం అయిపోయింది. పైకి చెప్పలేదు, టీ తెప్పించాను.

అట్లా రెండు ముక్కలు తయారయ్యాయి. ఇక కావలసింది పిడి ముక్క. అది ఇంట్లో అమ్మ దగ్గర ఉంది. సంచిని మేకు మీది నుంచి తీసి తన మంచం తలాపున పెట్టుకుంది. బెండు పిడి మీద నాయన బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంటుంది, చెమటకు నల్లబడి. ఒకసారి గుమ్మంలో నుంచి చూశాను, అమ్మ తన వేలు ఆ గుంటలో పెట్టుకుని కూర్చుంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి పోయాను.

"పిడి ఇయ్యమ్మా, కలిపి చూసి తెస్తా," అని అడిగాను.

"సుడుగాట్లో సమాధుల కాడ పడుండిన వాటితో దీన్ని కలపనియ్యను."

"సరే, వాటినే ఇంటికి తెస్తా."

"తెస్తే నేను బయటికి పోతా."

పిడి బయటికి రాదు, ముక్కలు లోపలికి రావు. నెలల తరబడి అదే వరస. నేను అరిచాను, బతిమాలాను, రెండు రోజులు మాట్లాడడం మానేశాను. నేను మాట్లాడకపోతే ఆమెకు హాయి, కాబట్టి అది కూడా పనిచేయలేదు.

నాయనకు సంవత్సరీకం అయింది. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత అమ్మ చెయ్యి కడుక్కుంటూ అంది.

"చెరువు కాడికి పోదాం పద. చెరువు ఇల్లు కాదు గదా. నీ ముక్కలు ఎత్తుకొని రా."

నేను నమ్మలేదు. మళ్లీ అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని వెంటనే చెప్పులు వేసుకున్నాను. అంగడికి పోయి ముక్కలు తెచ్చాను. ఆమె ఖాకీ సంచిని ఒళ్లో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. దారి పొడుగునా నా ముక్కలు తన చీరకు తగలకుండా జరుగుతూనే ఉంది.

గట్టు మీద ఎవరూ లేరు. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. నాయన ఎప్పుడూ నిలబడే తూము రాతి మీద కూర్చుని నేను ముక్కలు కలపబోయాను. కొన ముక్క నడిమి ముక్కలో దూరింది. నడిమి ముక్క పిడిలో దూరలేదు. సగం పోయి ఆగింది. నెట్టాను. తిప్పాను. పళ్లు బిగించి ఇంకా నెట్టబోయాను.

"ఉండు, ఉండు! అట్ల కాదు, ఇరిగిపోతాది!"

అమ్మ గబుక్కున వంగి నా చేతిలోంచి కట్టెను లాక్కుంది. ఇత్తడి కొనను ముక్కు పక్కన, చెంప మడతలో పెట్టుకుని అటూ ఇటూ రుద్దింది. అచ్చం ఆయన లాగే. తల కొంచెం పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి. తర్వాత గొట్టంలో పెట్టి మెల్లగా తిప్పింది. మెత్తగా దూరిపోయింది.

అప్పుడు తను పట్టుకున్నది ఏమిటో చూసుకుంది. పాడెకు కట్టిన కట్టె. దాన్నే మొహానికి రుద్దుకుంది.  ఆమె చెంప మీద సన్నటి ఇత్తడి చిలుము గీత పడింది. అమ్మ దాన్ని తుడుచుకోలేదు.

"ఊ, వెయ్యి," అంది.

దారం ఎక్కించి, వెంట తెచ్చిన నాయన డబ్బాలో మిగిలిన ఈకల పురుగు ఒకటి కట్టి విసిరాను. మొదటిసారి నా జడకే తగులుకుంది. రెండోసారి తుమ్మ కంపకు. మూడోసారి కట్టె వెనక్కి వంగి, నేను చుట్టిన చోట కూడా వంగి, ముందుకు లేచి దారాన్ని మోసుకుపోయింది. పురుగు నీళ్ల మీద వాలింది. కొన విరగలేదు.  నాయనా, విరగలేదు, అని పైకే అన్నాను.

చేప లేవలేదు. ఎవరూ లేస్తుందని అనుకోలేదు కూడా.

"మీ నాయన ఈడనే నిలబడేటోడా?"

"ఈ రాయి మీదే. నువ్వు ఎప్పుడూ రాలేదు కదా."

"ఒకసారి రమ్మన్నాడు, పెండ్లయిన కొత్తల్లో. వంట పనుంది రానంటి. మళ్లా పిలవలా," అంది. కొంగు సర్దుకుని, "నేనూ అడగలా," అంది.

పొద్దు వాలుతోంది. నేను దారం చుట్టుకున్నాను. ఇంక అడ్డేముంది? ముట్టుకుంది, మొహానికి రాసుకుంది, తన చేత్తోనే కలిపింది. గెలిచేశాననుకున్నాను.

"అమ్మా, ఇంటికి తీసుకుపోదాం. నువ్వే ముట్టుకున్నావు. ఇంకా మైల ఏముంది?"

అమ్మ నా దిక్కు చూడలేదు. నీళ్ల దిక్కే చూస్తూ మాట్లాడింది.

"మైల గురించి కాదుమే. ఆ పొద్దు మన వాకిలి దాటి పోయినవి ఈ రెండు ముక్కలూ, మీ నాయనా. ముగ్గురూ ఒకే పల్లకిలో పోయినారు. ఇవి తిరిగొచ్చి ఆ మేకుకు ఎక్కినాయనుకో. పోయినవి తిరిగొస్తాయని నా పాడు మనసుకు తెలిసిపోతాది. ఇంక దినామూ వాకిలి దిక్కే చూస్తా కూచుంటా, ఆయన కోసరం. అది నా చేత కాదు. నన్ను అట్ల చెయ్యొద్దు."

 ఏడాది పొడుగునా నేను ఆమెతో కొట్లాడింది దేనికోసమో, ఆమె నాతో కొట్లాడింది దేనికోసమో అప్పుడు తెలిసింది. ఆమె పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా జడలో ఇరుక్కున్న ఈక ముక్కను ఏరి పడేసింది.

తర్వాత అమ్మే కట్టెను విడదీసింది. సుళువుగా వచ్చింది. పిడిని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. రెండు ముక్కలు నా చేతికిచ్చి, "జాగ్రత్తగా పెట్టుకో. చెదలు పట్టనీయొద్దు," అంది.

ఇంటి ముందు ఆమెను దించి, నేను అంగడికి పోయాను. ముక్కలను జాకెట్ల వెనక నిలబెట్టి, తాళం వేసి ఇంటికి వచ్చాను. తలుపు తెరిచే ఉంది. అమ్మ తలకు పోసుకుని, తడి జుట్టు విరబోసుకుని, సంచిని ఒళ్లో పెట్టుకుని నడవలో కూర్చుంది. వాకిలికి వీపు పెట్టి.